రెక్క మాది, దాని కింద ఇంజిన్ వేరేవాళ్ళది: 2022 ఆంక్షల్లో చిక్కిన ఒక లీజు విమానం కేస్ స్టడీ

విమానాలు లీజుకిచ్చే సంస్థలో నేను టెక్నికల్ అసెట్ మేనేజర్‌ని. మా విమానం ఎవరి దగ్గరుంది, ఎలా ఉంది, దాని రికార్డులు పక్కాగా ఉన్నాయా, లీజు తీరాక ఒప్పందంలో రాసుకున్న స్థితిలో తిరిగొస్తుందా అని చూసుకోవడం నా ఉద్యోగం. గోప్యతా ఒప్పందాలు ఉన్నాయి కాబట్టి మా సంస్థ పేరు, ఎయిర్‌లైన్ పేరు, విమానం నంబరు ఇక్కడ రాయను.

2022 ఫిబ్రవరి 24, గురువారం. రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి వెళ్ళిన రోజు. పొద్దున్నే ఆఫీసులో ఒక పట్టిక ముందేసుకుని కూర్చున్నాం. రష్యన్ ఎయిర్‌లైన్ల దగ్గరున్న మా విమానాలు ఒక్కొక్కటీ ఆ నిమిషంలో ఎక్కడున్నాయో ఫ్లైట్ ట్రాకింగ్‌లో చూసి రాసుకోవడం మొదటి పని. దాదాపు అన్నీ రష్యాలోనే. ఒక్కటి మాత్రం టర్కీలోని ఒక హ్యాంగర్లో ఉంది. పదకొండేళ్ళ ఎయిర్‌బస్ ఏ320. బేస్ చెక్ కోసం, అంటే విప్పి చేసే పెద్ద తనిఖీ కోసం, రెండు వారాల ముందే వెళ్ళింది. ప్యానెళ్ళు ఊడదీసి, సీట్లు బయటపెట్టి, జాక్‌ల మీద నిలబెట్టి ఉన్నారు. ఎగిరే స్థితిలో లేదు కాబట్టి ఎవరూ రాత్రికి రాత్రి మాస్కోకి తీసుకుపోలేరు. మా లీగల్ హెడ్ పట్టికలో ఆ వరుసకు ఆకుపచ్చ రంగు వేసి, "ఇది దక్కినట్టే" అన్నారు.

దక్కిన మాట నిజమే. కానీ దాన్ని మళ్ళీ అద్దె తెచ్చే విమానంగా చేసుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది. రష్యాలో చిక్కుకుపోయిన విమానాల గురించి బోలెడు వార్తలొచ్చాయి. చిక్కకుండా బయటపడ్డ విమానానికి ఆంక్షలు ఏం చేశాయో చెప్పినవాళ్ళు తక్కువ. అందుకే ఈ కేసు రాస్తున్నాను.

ఆ మూడు వారాలు

యూరోపియన్ యూనియన్ నిబంధన ఫిబ్రవరి 26న అమల్లోకి వచ్చింది. రష్యా సంస్థలకు గానీ, రష్యాలో వాడకానికి గానీ విమానాలు, విడిభాగాలు ఇవ్వకూడదు. బీమా చేయకూడదు. మరమ్మతులు చేయకూడదు, సాంకేతిక సాయం అందించకూడదు. లీజు కూడా ఇవ్వడం కిందకే వస్తుంది. పాత ఒప్పందాలు ముగించుకోవడానికి మార్చి 28 దాకా గడువిచ్చారు. అప్పటికి విదేశీ లీజు సంస్థల విమానాలు రష్యన్ ఎయిర్‌లైన్ల దగ్గర 500 పైనే ఉన్నాయి. వాటి విలువ సుమారు 1,000 కోట్ల డాలర్లని అప్పట్లో అందరూ వేసుకున్న లెక్క. నెల రోజుల్లో వాటన్నిటినీ వెనక్కి తెచ్చుకోవాలి. ఈలోగా ఆకాశం మూతపడింది. ఫిబ్రవరి 27న రష్యన్ విమానాలకు తన గగనతలాన్ని మూసేస్తున్నట్టు ఈయూ ప్రకటించింది, మర్నాడు రష్యా 36 దేశాలకు తన గగనతలాన్ని మూసేసింది. తెచ్చుకోవాల్సిన విమానాన్ని నడపడానికి పైలట్లను ఏ దారిన పంపాలో కూడా తెలియని పరిస్థితి.

మార్చి 10న రష్యా ప్రభుత్వం విమానాలు దేశం దాటకుండా ఎగుమతి నిషేధం పెట్టింది. పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు గానీ, మూడేళ్ళ తర్వాత లండన్ కోర్టులో మొత్తం వ్యవహారం ఆ ఉత్తర్వు మీదే తిరిగింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

మమ్మల్ని నేరుగా తగిలిన దెబ్బ మార్చి 12ది. అప్పట్లో రష్యన్ ఎయిర్‌లైన్లు నడిపిన విదేశీ లీజు విమానాల్లో చాలా వాటికి రిజిస్ట్రేషన్ బెర్ముడాది. వెనక భాగంలో వీపీ-బీ, వీక్యూ-బీ అని మొదలయ్యే అక్షరాలుంటాయి. ఆ విమానాల భద్రతా పర్యవేక్షణలో కొంత బాధ్యతను పౌర విమానయానపు మూల అంతర్జాతీయ ఒప్పందమైన చికాగో ఒప్పందం 83 బిస్ అధికరణం కింద రష్యాకు అప్పజెప్పారు. ఆంక్షల వల్ల ఆ పర్యవేక్షణ కొనసాగించలేని స్థితి వచ్చిందని, కాబట్టి అవి ఎగరడానికి యోగ్యమైనవని నమ్మకంగా చెప్పలేమని బెర్ముడా విమానయాన అధికారులు వాటి ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్లన్నీ సస్పెండ్ చేశారు. సరైన నిర్ణయమే, నేనైనా అదే చేసేవాణ్ణి. కాకపోతే ఆ జాబితాలో టర్కీ హ్యాంగర్లో ఉన్న మా విమానం కూడా ఉంది. రష్యా గడ్డ మీద లేకపోయినా దాని సర్టిఫికెట్ పోయింది.

రెండు రోజులకు, మార్చి 14న, విదేశీ లీజు విమానాలను రష్యన్ రిజిస్టర్‌లో చేర్చుకునే చట్టం మీద పుతిన్ సంతకం చేశారు. ఒక విమానం ఒకే సమయంలో రెండు దేశాల్లో రిజిస్టర్ కావడం చెల్లదని చికాగో ఒప్పందం 18వ అధికరణం చెప్తుంది. అయినా వందల విమానాల మీద రష్యా రిజిస్ట్రేషన్ గుర్తైన ఆర్‌ఏ అక్షరాలు వచ్చాయి. అదే ఏడాది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో భద్రతా పర్యవేక్షణ విషయంలో రష్యాకు రెడ్ ఫ్లాగ్, అంటే తీవ్రమైన హెచ్చరిక, ఇచ్చింది.

హ్యాంగర్ తాళం

టర్కీ ఆ ఆంక్షల్లో చేరలేదు. హ్యాంగర్ వాళ్ళు మాత్రం యూరప్ అనుమతి మీద పనిచేస్తారు, విడిభాగాలు యూరప్ నుంచే తెప్పించుకుంటారు. మార్చి మొదటి వారంలోనే పని ఆపేశారు. మేము లీజు రద్దు నోటీసు పంపి, విమానం మాకు అప్పగించమని అడిగాం. హ్యాంగర్ మేనేజర్ ఫోన్లో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "ఒప్పందం మీతో కాదండీ, ఎయిర్‌లైన్‌తో. మీరు విమానం ఇచ్చేయమంటున్నారు, వాళ్ళు పని కానివ్వమంటున్నారు. బిల్లు మాత్రం ఎవరూ కట్టట్లేదు."

ఆయన అడిగింది న్యాయమే. చేసిన పనికి డబ్బు అందేదాకా విమానాన్ని అట్టిపెట్టుకునే హక్కు హ్యాంగర్‌కు ఉంటుంది. మేమే కడదామనుకున్నాం. అక్కడ నిబంధనలు తప్పకుండా చూసే మా కంప్లయన్స్ విభాగం అడ్డం తిరిగింది. రష్యన్ ఎయిర్‌లైన్ బాకీని మనం తీరిస్తే వాళ్ళకు ఆర్థిక ప్రయోజనం కలిగించినట్టవుతుందా? ఎయిర్‌లైన్ పేరు ఆస్తుల స్తంభన జాబితాలో లేదు కాబట్టి ఫర్వాలేదని తేల్చడానికి ముగ్గురు లాయర్లకు తొమ్మిది రోజులు పట్టింది. ఆంక్షల నిబంధన ఒక్క పేజీలో ఉంటుంది. దాన్ని చూసి జనం భయపడి చేయకుండా ఆగిపోయే పనులు మాత్రం లెక్కలేనన్ని. బ్యాంకు డబ్బు పంపడానికి తటపటాయించింది. బీమా బ్రోకర్ ప్రతి ఈమెయిల్‌కీ కొత్త ప్రశ్న వేశాడు. నిషేధంలో లేని పనులే మమ్మల్ని ఎక్కువ కాలం ఆపాయి.

రెండో ఇంజిన్

విమానం ఒకటైనా అందులో మూడు ఆస్తులుంటాయి: బాడీ, రెండు ఇంజిన్లు. పదేళ్ళు దాటిన చిన్న విమానంలో బాడీ కంటే ఆ రెండు ఇంజిన్ల విలువే ఎక్కువ. ఎయిర్‌లైన్లు తమ ఫ్లీట్‌లో ఇంజిన్లను ఒక విమానం నుంచి మరోదానికి మార్చుకుంటూనే ఉంటాయి. ఒక ఇంజిన్ మరమ్మతు షాపుకి వెళ్తే, అది తిరిగొచ్చేదాకా విమానాన్ని ఖాళీగా నిలబెట్టరు. లీజు ఒప్పందాలు దీన్ని ఒప్పుకుంటాయి. ఇంజిన్ ఎవరి రెక్క కింద వేలాడినా యాజమాన్య హక్కు మారదు.

మా విమానానికి ఎడమవైపు మా ఇంజిన్ ఉంది. కుడివైపున్నది ఇంకో లీజు సంస్థది. మా రెండో ఇంజిన్ 2021 శరదృతువులో మూడో సంస్థకు చెందిన విమానానికి ఎక్కింది. ఆ విమానం రష్యాలో ఉంది. ఆ మార్పిడికి ఓకే చెప్తూ ఈమెయిల్ పెట్టింది నేనే. మామూలు రోజుల్లో రెండు నిమిషాల పని.

కుడివైపు ఇంజిన్ సొంతదారులు వారం తిరక్కుండా ఫోన్ చేశారు, వాళ్ళది వాళ్ళకు ఇచ్చేయమని. ఇచ్చేస్తే మా విమానం ఒంటి ఇంజిన్‌తో హ్యాంగర్లో మిగులుతుంది, రోజుకింత పార్కింగ్ అద్దె కట్టుకుంటూ. ఆఖరికి ఫెర్రీ ఫ్లైట్, అంటే ప్రయాణికులు లేకుండా విమానాన్ని చోటు మార్చే ప్రయాణం, అయ్యేదాకా ఆ ఇంజిన్‌ను మాకే రోజువారీ అద్దెకు ఇచ్చేటట్టు ఒప్పించాం. వాళ్ళు కూడా రష్యాలో చాలా పోగొట్టుకున్నవాళ్ళే, అందుకే కఠినంగా మాట్లాడారు. నేను తప్పుపట్టను.

కాగితాలు

అసలు కథ ఇది. మా రంగం బయటివాళ్ళకు చెప్తే నమ్మరు: విమానం కళ్ళ ముందు మెరుస్తూ ఉన్నా, దాని చరిత్ర కాగితం మీద లేకపోతే కొనేవాడి దృష్టిలో అది అల్యూమినియం కుప్ప. ఇంజిన్‌లో తిరిగే డిస్కులకు ఆయుష్షు ఉంటుంది. మా ఇంజిన్ సీఎఫ్‌ఎం56 రకం, అందులో భాగాన్ని బట్టి సుమారు 20 వేల నుంచి 30 వేల సైకిళ్ళు. ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ కలిపి ఒక సైకిల్. ప్రతి డిస్కుకూ ఒక సీరియల్ నంబర్, పుట్టిన రోజు నుంచి ఈ రోజు దాకా ఎన్ని సైకిళ్ళు తిరిగిందో చెప్పే లెక్క ఉండాలి. దీన్నే బ్యాక్ టు బర్త్ అంటాం. మధ్యలో కొన్ని నెలల లెక్క తెగిపోతే, డిస్కు ఎంత బాగున్నా మార్కెట్లో తుక్కే.

ఇవి కాక, చేసిన ప్రతి పనికీ మెకానిక్ సంతకాలున్న టాస్క్ కార్డులు. డర్టీ ఫింగర్‌ప్రింట్ రికార్డులని పిలుస్తాం, నిజంగానే వాటి మీద గ్రీజు వేలిముద్రలుంటాయి. మా విమానానివి పెట్టెల నిండా ఎయిర్‌లైన్ రికార్డుల గదిలో, రష్యాలో ఉన్నాయి.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ఎయిర్‌లైన్ రికార్డుల సిస్టమ్‌లోకి మాకు చూసే వీలుండేది. యుద్ధం మొదలయ్యాక ఇంకో ఆరు రోజులు అది పనిచేసింది కూడా. ఆ ఆరు రోజులూ నేను లాయర్లతో, హ్యాంగర్‌తో, ట్రాకింగ్ తెరతో గడిపాను. సమ్మరీ షీట్లు దించుకున్నాను గానీ వాటికి ఆధారమైన టాస్క్ కార్డుల స్కాన్‌లు దించలేదు. ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి పగలూ రాత్రీ డౌన్‌లోడ్ చేయించి ఉంటే తర్వాతి ఏడాది సగానికి తగ్గేది. విమానం కదలకుండా చూసుకోవడమే ముఖ్యమనుకున్నాను. అది ఎటూ జాక్‌ల మీదే ఉంది, ఎక్కడికి పోతుంది?

సిస్టమ్ మూతపడ్డాక ఎయిర్‌లైన్ రికార్డుల హెడ్‌కు ఫోన్ చేశాను. ఆరేళ్ళ పరిచయం. "పెట్టెలు ఎక్కడికీ పోలేదు, మా గదిలోనే ఉన్నాయి. కానీ పంపమని మాత్రం నన్ను అడగకండి" అన్నారు. అడగలేదు. కాసేపాగి ఆయనే నన్నొకటి అడిగారు. మాదే ఇంకో విమానం, రష్యాలో రోజూ ఎగురుతున్నది. దాని ఇంజిన్ ఇన్‌స్పెక్షన్ గురించి తయారీదారు ఇచ్చే సాంకేతిక సూచనల బులెటిన్‌కి కొత్త సవరణ వచ్చిందట, నిజమేనా, అందులో ఏముంది అని.

బులెటిన్ నా కంప్యూటర్లో తెరిచే ఉంది. చెప్తే సాంకేతిక సాయం అవుతుంది, అంటే నిబంధన ఉల్లంఘన. చెప్పకపోతే ఆ విమానంలో రేపు పొద్దున ఎక్కే నూట డెబ్భై మంది సంగతి ఏంటి? "నేను చెప్పలేనండీ" అన్నాను. "తెలుసు, అడిగి చూద్దామని" అన్నారాయన. అదే మా ఆఖరి ఫోన్. ఆ రాత్రి కంప్లయన్స్ వాళ్ళను అడిగితే నేను చేసింది సరైనదేనని రాతపూర్వకంగా ఇచ్చారు. ఆ కాగితం ఫైల్లో ఉంది. టెన్షన్ మాత్రం తగ్గలేదు.

రికార్డులు తిరిగి పోగేసుకోవడం ఎలా జరిగిందంటే, విమానం తొలి ఆరేళ్ళు వేరే ఎయిర్‌లైన్ దగ్గర ఉండేది, అది తిప్పి ఇచ్చినప్పటి పూర్తి సెట్ మా దగ్గర ఉంది. కాబట్టి 2017 నుంచి 2022 దాకా ఉన్న ఖాళీని పూడ్చాలి. ఇంజిన్ 2019లో యూరప్‌లోని ఒక షాపుకి వెళ్ళింది, ఆ షాపు తన కాపీ ఇచ్చింది. ల్యాండింగ్ గేర్ ఓవర్‌హాల్ చేసినవాళ్ళ దగ్గర ఒరిజినల్ సర్టిఫికెట్ దొరికింది. 2019 తర్వాతి సైకిళ్ళకు ఏది ఆధారం? మెయింటెనెన్స్ రిజర్వ్, అంటే ముందు ముందు చేయాల్సిన మరమ్మతుల కోసం కట్టే డబ్బు, లెక్కకట్టడానికి ఎయిర్‌లైన్ నెలనెలా పంపిన వాడకం రిపోర్టులు. బిల్లింగ్ కోసం మా అకౌంట్స్ వాళ్ళు తెప్పించుకునేవి. నేనెప్పుడూ సరిగా చదవను కూడా లేదు. వాటిని ట్రాకింగ్ డేటాతో, ఇంజిన్ తయారీదారు దగ్గరున్న పనితీరు డేటాతో నెల నెలకూ సరిపోల్చి ఒక పట్టిక చేశాం. విమానాన్ని కొత్తగా చేర్చిన దేశపు రిజిస్టర్ ఇన్‌స్పెక్టర్ దాన్ని మూడుసార్లు తిప్పి పంపి, నాలుగోసారి ఒప్పుకున్నారు.

ఆధారం దొరకని ఇన్‌స్పెక్షన్లన్నీ మళ్ళీ చేయించాం. ఆగిపోయిన బేస్ చెక్ ఇంకో రూపంలో రెండింతలు పెరిగింది. రికార్డుల పనికి అయిన ఖర్చు ఆ చెక్ ఖర్చును దాటింది.

ఒక్క కాగితం మాత్రం ఎప్పటికీ రాలేదు. నాన్-ఇన్సిడెంట్ స్టేట్‌మెంట్ అంటారు. తమ దగ్గరున్న కాలంలో ఈ విమానానికి ప్రమాదం జరగలేదని, మంటల్లోనో నీళ్ళలోనో పడలేదని ఎయిర్‌లైన్ సంతకం చేసి ఇచ్చే ఒక్క పేజీ. దానికోసం ఒక పార్టీ లీజు వద్దనుకుని వెళ్ళిపోయింది. మేమే ఒక డిక్లరేషన్ రాసి, బాడీ అంతా మళ్ళీ మ్యాపింగ్ చేయించిన నివేదిక జతచేశాక ఇంకొకరు ఒప్పుకున్నారు, కాస్త తక్కువ అద్దెకు.

ఎగరడం, బీమా

బెర్ముడా రిజిస్ట్రేషన్ రద్దు తేలిగ్గానే అయింది. రిజిస్టర్‌లో యజమాని పేరు మాది, పైగా రద్దు కోసం ఎయిర్‌లైన్ ముందే ఇచ్చిన, వెనక్కి తీసుకోలేని అధికార పత్రం ఉంది. విమానాల్లాంటి ఆస్తుల మీద యజమానుల హక్కులు కాపాడే అంతర్జాతీయ కేప్‌టౌన్ ఒప్పందం పద్ధతిలో వాడే ఆ పత్రాన్ని ఇడెరా అంటారు. రష్యా కూడా ఆ ఒప్పందంలో ఉన్న దేశమే. అక్కడి విమానాల విషయంలో అది చిత్తు కాగితమైంది. మేము వేరే దేశపు రిజిస్టర్‌లో చేర్చి, ఒక్క ఫెర్రీ ఫ్లైట్‌కు అనుమతి తెచ్చుకుని, జూన్‌లో విమానాన్ని యూరప్‌లోని ఇంకో హ్యాంగర్‌కు తెచ్చాం. దిగిన మర్నాడే అద్దె ఇంజిన్ దింపేసి వాళ్ళకు అప్పజెప్పాం.

రష్యాలో ఉండిపోయిన మా ఇంజిన్‌ది బీమా దారి. లీజు సంస్థలకు రెండు రకాల రక్షణ ఉంటుంది. ఎయిర్‌లైన్ తీసుకున్న బీమా ముందు వరస. అది పలకనప్పుడు సంస్థ సొంత కంటింజెంట్ పాలసీ. అందులో మళ్ళీ మామూలు నష్టాలకు ఆల్ రిస్క్స్, యుద్ధం, ప్రభుత్వ స్వాధీనం లాంటి వాటికి వార్ రిస్క్స్ అని వేర్వేరు బీమాదారులు. నష్టం ఆల్ రిస్క్స్ కిందకు వస్తుందని ఒకరు, వార్ రిస్క్స్ అని ఇంకొకరు, అసలు నష్టమే కాదు, విమానం ఎగురుతూనే ఉంది కదా అని ఒకరు. 2025 జూన్‌లో లండన్ హైకోర్టులో జస్టిస్ బుచర్ తీర్పిచ్చారు: ఈ విమానాలు 2022 మార్చి 10న, ఆ ఎగుమతి నిషేధపు ఉత్తర్వుతో, పోయినట్టే, అది వార్ రిస్క్స్ కిందకే వస్తుంది. అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్న ఎయిర్‌క్యాప్ సంస్థకు 100 కోట్ల డాలర్లకు పైగా రావాలని తేలింది. అదే సంస్థ 2022 తొలి త్రైమాసికంలో సుమారు 270 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. మా ఇంజిన్ క్లెయిమ్ అంతకుముందే రాజీలో ముగిసింది, అంకె చెప్పే స్వేచ్ఛ లేదు.

నా అంచనా ఎక్కడ తప్పింది

2022 వసంతంలో మా సర్కిల్లో అందరం అనుకున్నది ఒకటే. విడిభాగాలు లేకుండా పాశ్చాత్య విమానాలు ఆరునెలల కంటే ఎక్కువ ఎగరలేవని. నేను ఒక మీటింగ్‌లో గట్టిగానే అన్నాను. తప్పు. కొన్నిటిని విప్పి మిగతావాటికి వాడుకున్నారు, మూడో దేశాల గుండా భాగాలు తెచ్చుకున్నారు. ఇరాన్‌ను చూసి ఉంటే నాకు ముందే తెలిసేది. అక్కడ దశాబ్దాల ఆంక్షల్లో కూడా విమానాలు ఎగిరాయి, ముసలివై, ప్రమాదాల భయంతో, కానీ ఎగిరాయి. అణు ఒప్పందం తర్వాత ఇరాన్ ఎయిర్ ఎయిర్‌బస్ దగ్గర 100 విమానాలు ఆర్డర్ చేస్తే, 2018లో అమెరికా ఆ ఒప్పందం నుంచి వెనక్కి తగ్గే నాటికి అందినవి మూడే.

ఆంక్షల దెబ్బ సరిగ్గా గురి చూసిన చోటే తగలదనడానికి నాకు నచ్చే ఉదాహరణ కూడా ఇరాన్‌దే. 2018 డిసెంబర్లో దుబాయ్ నుంచి ఓస్లో వెళ్తున్న నార్వేజియన్ ఎయిర్ 737 మ్యాక్స్ ఇంజిన్ సమస్యతో షిరాజ్‌లో దిగింది. దాని మీద ఏ ఆంక్షా లేదు. ప్రయాణికులు మర్నాడు వేరే విమానంలో వెళ్ళిపోయారు, విమానం మాత్రం 2019 ఫిబ్రవరి చివరిదాకా అక్కడే ఉంది. అమెరికా తయారీ విమానానికి ఇరాన్ గడ్డ మీద విడిభాగం బిగించడమంటే మామూలు మరమ్మతు కాదు మరి.

ఇంకో లెక్క కూడా తప్పింది, ఇది మాకు లాభంగా. కొత్త విమానాల సరఫరా ఆలస్యమై, కొత్త తరం ఇంజిన్లలో సమస్యలు బయటపడ్డాక, మా పాత ఏ320కి గిరాకీ పెరిగింది. 2023లో అది పనిలోకి వెళ్ళింది, రెండు వైపులా మేము కొత్తగా చూసుకున్న జత ఇంజిన్లతో.

ఆ లీజులో ఒక క్లాజు పెట్టమని నేను అడిగాను. టాస్క్ కార్డుల స్కాన్‌లతో సహా రికార్డులన్నీ వారానికోసారి మా సర్వర్‌లోకి కాపీ కావాలి, మా ఇంజిన్ ఇంకో విమానానికి ఎక్కే ముందు ఆ విమానం యజమానుల నుంచి మా హక్కును గుర్తిస్తూ లేఖ రావాలి. ఆ ఎయిర్‌లైన్ టెక్నికల్ డైరెక్టర్ చదివి, "వారానికోసారి కుదరదు సార్, మా దగ్గర అంతమంది లేరు" అన్నారు. నెలకోసారికి ఒప్పుకున్నాం. రెండో షరతు మీద ఇంకా బేరం సాగుతుండగానే మొదటి ఇంజిన్ మార్పిడికి అనుమతి అడుగుతూ వాళ్ళ ఈమెయిల్ వచ్చింది.